లేసు పువ్వు పూర్తయ్యేదాకా

మా పిన్ని పోయింది. మే నెలలో ఒక శనివారం ఉదయం, ఉప్పుటేరు గట్టు మీద, మడచెట్టుకు వీపు ఆనించి కూర్చుని, చేతిలో లేసు సూది ఉండగానే పోయింది. ఎదురుగా పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆమె పోయిందని వాళ్లకు తెలియలేదు.

ఆ ఉదయం మిగతా ఉదయాల్లాంటిదే. నేను లేచి ప్రార్థన చేసుకుని పొయ్యి వెలిగించాను. పెరట్లో పిన్ని గది తలుపు తెరుచుకున్న చప్పుడు విన్నాను. ఆయన పోయాక నేను తణుకు నుంచి తమ్ముడింటికి వచ్చేసిన దగ్గర్నుంచి రోజూ ఆ చప్పుడే నాకు గడియారం. ఆమె వచ్చి వంటింటి మెట్టు మీద కూర్చుంది. కాఫీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి వంచుకుంటూ, "ఇవాళ ఆకు కదలట్లేదే అమ్మాయ్" అంది.

పెరట్లో మా మరదలు నులక మంచం మీద పాత చీర పరిచి వడియాలు పెడుతోంది. తమ్ముడి కూతురు రూతు కాకుల్ని అదిలిస్తోంది.

"సగం కాకులకి, సగం మనకి అనుకుని పెట్టవే. గొడవుండదు" అంది పిన్ని.

"అలాగే అత్తయ్యా. రేపు పిండి కూడా మీ కాకుల్నే రుబ్బమనండి" అంది మరదలు.

పిన్ని నవ్వింది. గుడ్డ సంచిలో దారపు ఉండ, సూది, నీళ్ల సీసా పెట్టుకుంది. గేటు దగ్గరికి పిల్లలు ఒక్కొక్కరే చేరారు. బయల్దేరేముందు ఆమె వాళ్లను ఒకటే అడిగేది. "ఇవాళ నీ భయం ఏంటి?"

"పాము మామ్మగారూ."

"జలగ."

"బురదలో కాలు దిగిపోతే చెప్పు పోతాదని. చెప్పు పోతే మా అమ్మ ఊరుకోదు."

అన్నీ విన్నాక తన భయం కూడా చెప్పేది. అది కూడా రివాజే. ఆ రోజు, "నాకు ఇవాళ ఎండంటే భయంగా ఉందర్రా" అంది. పిల్లలు నవ్వారు. రూతు నా వైపు తిరిగి, "నీ భయమేంటత్తా?" అంది.

"మీరు తిరిగొచ్చేదాకా మీరే."

వెళ్తూ వెళ్తూ పిన్ని గేటు దగ్గర ఆగింది. "మధ్యాహ్నానికి పప్పుచారు చాలమ్మాయ్. కూర వద్దు" అంది. అదే నాతో ఆఖరి మాట.

వడియాలు పైపక్క ఎండిపోయాయి. నూతి చప్టా మీదికి ఎండ వచ్చేసింది. పిల్లలు రాలేదు. మరదలు గేటు దాకా వెళ్లి వస్తోంది, మళ్లీ వెళ్తోంది. నేను పప్పుచారు దించి మూత పెట్టాను. అప్పుడు పీతలు పట్టే ఆయన సైకిలు వాకిట్లో పడేసి లోపలికి వచ్చాడు. 

"అక్కగారూ, మీ పిన్నిగారు పలకట్లేదండి. పిలుస్తుంటే పిల్లలేమో నన్ను నోరు మూసుకోమని సైగ చేస్తున్నారండి."

ఆ సైగ అర్థం మాకు వెంటనే తెలిసింది. మీకు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆమె మా అమ్మకు సొంత చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. మా ఊరి బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పింది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లందరి లాగే ఖాళీ దొరికితే లేసు అల్లేది. బడి నుంచి రిటైరయ్యాక వేసవి సెలవుల్లో చర్చి ఆవరణలో పిల్లలకు పాటలు నేర్పేది. గట్టు మీదికి తీసుకెళ్లడం తర్వాత మొదలైంది. దాని వెనక ఒక చెడ్డ రోజు ఉంది.

ఒక వేసవిలో చర్చి గోడ పక్క కాలువలోంచి నీటికుక్క పిల్ల ఒకటి దారి తప్పి పైకి వచ్చింది. మూతి మీద మీసాలు, తడిసిన నల్లటి ఒళ్లు. పిల్లలు ఎప్పుడూ చూడలేదు. దెయ్యంపిల్ల అన్నారు ఎవరో. రాళ్లు పడ్డాయి. ఒకడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. పిన్ని పరుగెత్తుకుని వెళ్లేసరికి అయిపోయింది. ఆమె ఎవర్నీ తిట్టలేదు. దాన్ని కొంగులో ఎత్తుకుని, పిల్లల్ని వరసగా అడిగింది, ఎందుకు కొట్టావని. అందరూ ఒకే జవాబు చెప్పారు. "భయమేసింది మామ్మగారూ."

ఆ సాయంత్రం మెట్టు మీద కూర్చుని కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. కాఫీ చల్లారిపోయింది. చివరికి, "వీళ్లు దాన్నెప్పుడూ చూళ్లేదమ్మాయ్. చూడనిదానికి భయపడ్డారు. భయపడ్డ చేతికి రాయి దొరికింది" అంది. మర్నాడే పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్లింది.

మొదట్లో ఏమీ కనపడలేదట. కనపడాలంటే కదలకుండా కూర్చోవాలి. పిల్లలు కూర్చోరు. నాలుగో రోజో అయిదో రోజో విసుగొచ్చి ఆమె సంచిలోంచి లేసు తీసింది. "ఈ పువ్వు పూర్తయ్యేదాకా ఎవరూ కదలొద్దు, మాట్లాడొద్దు. పువ్వయ్యాక ఏం చూశారో చెప్పండి" అంది. అంతే, కూర్చున్నారు. మా వైపు పిల్లలు కళ్లు తెరిచింది లేసు అల్లే అమ్మల ఒళ్లోనే. పువ్వులో ఇంకెన్ని రెక్కలు మిగిలాయో, ఇంకెంతసేపు పడుతుందో వాళ్లకు చూడగానే తెలుస్తుంది. గడియారం చూపించి కూర్చోమంటే కూర్చునేవాళ్లు కాదు.

"చిన్న పువ్వు వెయ్యండి మామ్మగారూ!" అని బతిమాలేవాళ్లు.

"పెద్దదే. నిన్న నువ్వు గోక్కున్నావు, దానికి ఇంకో రెక్క."

అలా కూర్చుంటే కనపడ్డాయి. ఒక చెయ్యి మాత్రమే పెద్దదిగా ఉన్న పీత, ఆ చేతిని ఎత్తి ఎవర్నో పిలుస్తున్నట్టు ఊపడం. బురద మీద చేపలు గెంతుతూ వెళ్లడం. లకుముకి పిట్ట చేపను కొమ్మకేసి కొట్టి మింగడం. ఒక రోజు నీటికుక్కలు తల్లీ పిల్లలతో ఏరు దాటడం. ఆ రోజు పువ్వు పూర్తయ్యాక కూడా చాలాసేపు ఎవరూ మాట్లాడలేదని పిన్ని చెప్పింది. రాయి వేసినవాళ్లలో ఒకడు మాత్రం ఏడ్చాడట.

చదివేవాళ్లు ఆమె చాలా ధైర్యస్థురాలని అనుకుంటారేమో. కాదు. మా ఇంట్లో అందరికన్నా పిరికిది. ఉరిమితే దుప్పటి కప్పుకునేది. తమ్ముడి బండి ఎక్కితే కళ్లు మూసుకునేది. వంతెన దాటేటప్పుడు బస్సులో పక్కవాళ్ల చెయ్యి పట్టుకునేది, వాళ్లెవరైనా సరే. పిల్లల తల్లులు గేటు దగ్గర నిలదీస్తే ఆ భయాన్నే జవాబుగా ఇచ్చేది.

"మామ్మగారూ, మావాడికి అక్కడ ఏదన్నా అయితేనండీ?"

"అదేనమ్మా నా భయం కూడా. నువ్వూ రా, ఇద్దరం కలిసి భయపడదాం."

కొందరు వెళ్లేవాళ్లు. నేను మాత్రం ఒకే ఒక్కసారి వెళ్లాను.

ఆ ఏరంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. పోటు వచ్చేటప్పుడు నీళ్లు చప్పుడు చెయ్యవు. ఇందాక బురద ఉన్నచోట ఇప్పుడు నీళ్లుంటాయి. ఎప్పుడు వచ్చాయో తెలియదు. గాలి తిరిగిందంటే మా అమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ దగ్గరికి లాక్కునేది. ఆ పట్టు నా భుజం మీద ఇప్పటికీ ఉంది. పిల్లల వెనక చివర్లో కూర్చున్నాను. తల మీదుగా తీతువు అరుచుకుంటూ వెళ్లింది. అది అరిస్తే చావుకబురు అంటారు మావాళ్లు. "వెళ్లిపోదాం పిన్నీ" అన్నాను.

"గూడు పెట్టుకుందక్కడ. పిల్లల దగ్గరికి ఎవరో వచ్చారని దాని భయం. నువ్వు అరవవూ?" అంది, సూది ఆపకుండానే.

కాసేపటికి ఆ సూది ఆగింది.

వాళ్లకొక నియమం ఉంది. సూది ఆగిందంటే ఏదో వచ్చిందని. అప్పుడు ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి. చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. "భయమేస్తే ముందు చేతులు ఒళ్లో పెట్టుకోండి. తర్వాతే మిగతావన్నీ" అనేది. పిల్లల చేతులన్నీ ఒళ్లోకి వెళ్లిపోయాయి. నావి కూడా. మడచెట్ల వేళ్లలోంచి తాచుపాము వచ్చింది. పిన్నికీ పిల్లలకీ మధ్య నుంచి, ఒక పిల్ల పక్కన పెట్టుకున్న తువ్వాలు అంచు మీదుగా, తొందర లేకుండా వెళ్లింది. నాకు ప్రార్థన మాటలు కూడా రాలేదు. ప్రభువా అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. అది గడ్డిలోకి వెళ్లిపోయింది. గడ్డి కదలడం ఆగింది. సూది కదిలింది.

తిరిగి వస్తుంటే పిన్ని ఆ పువ్వు నాకు చూపించింది. "చూడమ్మాయ్, ఈ రెక్క ఎలా వంకరపోయిందో. నా చేతులు అంత వణికాయి." విప్పి మళ్లీ అల్లమన్నాను. "ఎందుకూ? భయపడ్డట్టు గుర్తుండనీ" అంది. ఇంటికొచ్చాక నేను జ్వరం తెచ్చుకుని పడుకున్నాను. మళ్లీ వెళ్లలేదు.

ఇప్పుడు ఆ శనివారం గురించి. రూతు చెప్పినదే రాస్తున్నాను. ఒక్కసారే చెప్పింది, నా ముఖం చూడకుండా.

పువ్వు సగమైందట. సూది ఆగిందట. ఏదో వచ్చిందనుకున్నారు. చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఎవరికీ ఏమీ కనపడలేదు. అంటే పాము తమ వెనకే ఉండాలి, మామ్మకు మాత్రమే కనపడుతోంది అనుకున్నారు. పోటు మొదలైంది. అందరికన్నా చిన్నవాడి పాదాల దాకా నీళ్లొచ్చాయి. వాడు కాలు తియ్యలేదు. మామ్మ చేతి మీద ఈగ వాలింది. మామ్మ తోలలేదు.

"మామ్మ మా అందరికన్నా బాగా కూర్చుంది అనుకున్నామత్తా" అంది రూతు.

పీతలాయన కేకేసినప్పుడు వాళ్లు భయపడింది మామ్మ గురించి కాదు. కేకకు పాము కదులుతుందేమోనని. అందుకే ఆ సైగ.

డాక్టరుగారు వచ్చి చూశారు. గుండె ఆగింది, బాధ తెలిసి ఉండదు అన్నారు. ఆ మాట మాకు కొంత ఆదరణ ఇచ్చింది. రూతుకు ఇవ్వలేదు.

సమాధి దగ్గర అందరూ ఏడుస్తుంటే ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరో ఆ సగం పువ్వును పెట్టెలో పెట్టబోతే మాత్రం లేచి వెళ్లి లాక్కుంది. ఇంటికి వచ్చాక వేరే భయం మొదలైంది. మన ఇళ్లలో మనుషులు ఎంతసేపు కదలకుండా ఉంటారో నాకు అప్పటిదాకా తెలియదు. నేను కూరగాయలు తరుగుతూ ఏదో ఆలోచించి కత్తిపీట దగ్గర ఆగితే, "అత్తా!" అని అరిచేది. వాళ్ల నాన్న కుర్చీలో కునుకు తీస్తే వెళ్లి భుజం కుదిపేది. మరదలు వడియాల డబ్బా మూత పట్టుకుని ఊరికే నిలబడితే కూడా.

ఒక ఉదయం నేను ప్రార్థనలో ఉన్నాను. కళ్లు మూసుకుని ఉన్నాను. ముక్కు దగ్గర ఏదో తగిలింది. కళ్లు తెరిస్తే రూతు వేలు. నా ఊపిరి చూస్తోంది. దాని ముఖంలో ఉన్నంత భయం పాము వెళ్లిన రోజు కూడా ఏ పిల్ల ముఖంలోనూ చూడలేదు. ఆ తర్వాత నేను పెదవులు కదుపుతూ ప్రార్థించడం అలవాటు చేసుకున్నాను. నిశ్శబ్దంగా ఉండటానికి నాకే భయమేసింది. పిన్ని ఈ పిల్లలకు కష్టపడి నేర్పింది ఆ నిశ్శబ్దమే. అదే ఇప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా భయపెట్టేదైంది. సెలవులు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. ఒక్క పిల్లా గట్టు వైపు వెళ్లడం లేదు.

పిన్ని కోసం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక రోజు వచ్చినవాళ్లంతా భోజనాలు చేసి వెళ్లిపోయారు. పొద్దు వాలుతుండగా మేం ఇంటివాళ్లం పెరట్లో మిగిలాం. తమ్ముడు, మరదలు, రాజమండ్రి నుంచి వచ్చిన మా చెల్లి, నేను. రూతు మాత్రం పిన్ని రోజూ కూర్చునే వంటింటి మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఇక చాలక్కా. గట్టు మీదికి ఎవరూ వెళ్లరు. అటువైపు కంచె వేయించేస్తాను" అన్నాడు తమ్ముడు.

"కంచె వేస్తే ఏరు రాదా?" అంది చెల్లి. "రూతుని నాతో పంపించెయ్యి. సెలవులయ్యేదాకా నా దగ్గరుంటుంది. మాల్ ఉంది, పార్కుంది, మర్చిపోతుంది."

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు పంపాలన్నా భయమే, ఉంచుకోవాలన్నా భయమే వదినగారూ. మీరే చెప్పండి."

నేను నోరు తెరిచేలోపు మెట్టు మీద నుంచి రూతు అడిగింది. "రాజమండ్రిలో ఎవరన్నా కదలకుండా కూర్చుంటే?"

 అది లేచి వచ్చి నా ముందు నిలబడింది. "మేం అరిచుంటే మామ్మ బతికేదా అత్తా?"

"డాక్టరుగారు చెప్పారు కదమ్మా..." అని తమ్ముడు మొదలుపెట్టాడు. పిల్ల వాడి వైపు చూడలేదు.

అవునంటే ఆ పిల్ల బతుకంతా మోస్తుంది. కాదంటే నమ్మదు. నేను లోపల ఒక్క క్షణం ప్రార్థించాను, కళ్లు తెరిచే ఉంచి.

"తెలీదమ్మా" అన్నాను. "నాకు తెలీదు. మీరు మామ్మ చెప్పినట్టే చేశారు. మామ్మే ఒక మాట చెప్పడం మర్చిపోయింది."

"ఏ మాట?"

"పాము గురించి భయపడింది. జలగ గురించి, పోటు గురించి, మీ చెప్పుల గురించి కూడా భయపడింది. తన గురించి భయపడటం మర్చిపోయింది. సూది ఆగి, ఎంతసేపటికీ కదలకపోతే ఏం చెయ్యాలో మీకు చెప్పలేదు."

"ఏం చెయ్యాలి?"

"లేచి దగ్గరికెళ్లి ముట్టుకోవాలి."

"నిజంగా పాముంటే?"

"కింద చూసుకుంటూ వెళ్లాలి. భయపడుతూనే వెళ్లాలి. వెళ్లి ముట్టుకోవాలి."

రూతు ఆలోచించింది. లోపలికి వెళ్లి ఆ సగం పువ్వు తెచ్చింది. సూది ఇంకా దానికే ఉంది. నా చేతిలో పెట్టింది. మా తమ్ముడు నా వైపు చూశాడు. "అక్కా, నీకు ఆ ఏరంటేనే భయం కదా" అన్నాడు.

"అందుకే నేను వెళ్తాను" అన్నాను. 

ఆ సాయంత్రం మా ఇంట్లో నిర్ణయించుకున్నది ఇది. కంచె వెయ్యం. రూతును ఎక్కడికీ పంపం. వచ్చే శనివారం గట్టు మీదికి వెళ్తాం, వచ్చే పిల్లలతోనే. బలవంతం లేదు. తల్లులు రాదల్చుకుంటే రావచ్చు, కలిసి భయపడదాం. తమ్ముడు ఫోను పట్టుకుని గట్టు మొదట్లో ఉంటాడు. అక్కణ్నుంచి మేం కనపడుతూ ఉండాలి. పిన్ని కూర్చున్న చెట్టు కింద నేను కూర్చుంటాను. లేసు నా వేళ్లు మర్చిపోయాయి కాబట్టి ఈలోగా మరదలు మళ్లీ చూపిస్తుంది. మిగిలిన రెక్కలు వంకరపోతే పోనీ. పిల్లలు పాత నియమం ప్రకారమే కూర్చుంటారు. సూది ఆగితే చేతులు ఒళ్లో పెట్టుకుంటారు. ఆగిన సూది కదలకపోతే, అందరికన్నా దగ్గర ఉన్నవాళ్లు లేచి వచ్చి నన్ను ముట్టుకుంటారు. దగ్గర కూర్చునేది ఎవరని చెల్లి అడిగింది. "నేను" అంది రూతు.

తర్వాత కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. ఆ రోజు పెదవులు కదపకుండా, కళ్లు మూసుకుని, పూర్వంలాగే ప్రార్థించాలని కూడా నిర్ణయించుకున్నాను. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెరడంతా నిశ్శబ్దమైంది. దూరంగా ఏటి మీద తీతువు అరిచింది. నేను కదల్లేదు. కొంతసేపటికి నా మణికట్టు మీద ఒక చిన్న చెయ్యి వచ్చి వాలింది. చల్లగా ఉంది. ఆమెన్ అనేదాకా అక్కడే ఉంది.